తిరిగొచ్చిన టోపీ

"ఆ టోపీ పెట్టుకుని రావద్దే తల్లీ. ఎక్కడో పడిపోతుంది. పడిపోకపోతే ఎవరో ఏదో అంటారు. ఏదో ఒకటి కాకుండా ఈ రోజు గడవదు, నా మాట విను."

ఆదివారం మధ్యాహ్నం, గుమ్మం దగ్గర కూర్చుని బూట్ల లేసులు బిగించుకుంటున్న నా కూతురు కెల్సీతో నేనన్న మాట అది. అప్పటికింకా ఏమీ జరగలేదు.

"అమ్మా, నువ్వు పోతాయన్నవన్నీ పోయుంటే ఈపాటికి ఈ ఇంట్లో నువ్వూ నీ ఉన్ని సాక్సులూ తప్ప ఏమీ మిగిలేవి కాదు" అంది అది, తలెత్తకుండానే. పదహారేళ్ళ పిల్ల. నేను వద్దన్నందుకు ఆ టోపీని చెవుల మీదకి ఇంకాస్త లాక్కుంది.

ఆకుపచ్చ టోపీ. ముందు వైపు 'ట్రాపర్స్' అని తెల్ల దారంతో ఉంటుంది. ఇరవై రెండేళ్ళు కెల్సీ తండ్రి తల మీద ఉన్న టోపీ అది. లోపలి అంచున 'గార్త్ పి.' అని ఎర్ర దారంతో కుట్టింది నేనే. మా ఇంట్లో పేరు కుట్టని గుడ్డ లేదు. మంచులో మనిషి దొరక్కపోయినా చేతి తొడుగు దొరికితే ఎవరిదో తెలియాలి కదా అని నా భయం.

ఇంతవరకూ జరిగింది రెండు ముక్కల్లో చెప్పి ముందుకు వెళ్తాను. మేము లూన్ బే వదిలి విన్నిపెగ్ వచ్చి రెండు నెలలు. లూన్ బేలో నా భర్త గార్త్ ముప్పై ఏళ్ళు, ఐసు మీద హాకీ ఆడే రింకులో నీళ్ళు గడ్డకట్టించి ఐసు వేశాడు. ఆ ఊళ్ళో ఉన్నవి ఒక చెరువు, ఒక చర్చి, ఒక రింకు, ఆ రింకులో ఆడే ట్రాపర్స్ అనే హాకీ జట్టు. జట్టు ఏ ఒక్కరిదీ కాదు, ఊరందరిదీ. చూసుకోవడానికి ఐదుగురు పెద్దలు. వాళ్ళలో గార్త్ ఒకడు. కిందటి అక్టోబరులో విన్నిపెగ్ లో ఇళ్ళు కట్టే హాల్డేన్ అనే ఆయన జట్టును కొంటానని వచ్చాడు. కర్లింగ్ క్లబ్బు మేడ మీద తలుపులు వేసుకుని ఐదుగురూ కూర్చున్నారు. మూడు చేతులు లేచాయి. జట్టు అమ్ముడుపోయింది. వచ్చే ఏడాది నుంచి అది విన్నిపెగ్ జట్టు. పేరు కూడా మారుతుంది.

ఎవరెవరు చెయ్యెత్తారో బయట చెప్పకూడదని ఐదుగురూ మాట అనుకున్నారు. మర్నాడు ఊళ్ళో అడిగితే నలుగురు "నేను కాదు" అన్నారు. గార్త్ ఒక్కడు ఏమీ అనలేదు.

అందుకే కెల్సీకి తండ్రి అంటే అంత గొప్ప. "చూశావా అమ్మా, మాట మీద నిలబడింది నాన్న ఒక్కడే. ఆ నలుగురిలోనే ఉన్నారు ఆ ముగ్గురూ. వాళ్ళెవరో తెలిసిన రోజు, వాళ్ళతో నా జన్మలో మాట్లాడను" అని నాలుగు నెలలుగా అంటూనే ఉంది. అది వట్టి మాట కాదు. నా కూతురు మొండిది. ఎనిమిదో తరగతిలో ఒక స్నేహితురాలితో మాట్లాడనంది, ఇవాళ్టికీ మాట్లాడలేదు.

ఆ ట్రాపర్స్ ఇవాళ విన్నిపెగ్ లో ఆడుతున్నారు. రెండు గంటలకి ఆట. ఆడేది హాల్డేన్ గారి రింకులో. ఆ రింకులో ఐసు వేసేది ఇప్పుడు మా గార్త్.

బయట ముప్పై డిగ్రీల చలి, సున్నాకి కింద. బస్సులో రెండు దుప్పట్లు, కొవ్వొత్తి, అగ్గిపెట్టె, చాక్లెట్టు ఉన్న సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. "సిటీ బస్సు పదిహేను నిమిషాలే అమ్మా. మనం ఉత్తర ధ్రువానికి పోవట్లేదు" అంది కెల్సీ. అనుకోనీ అనుకున్నాను. నాకు పదో తరగతి చదువే గానీ, బస్సు పదిహేను నిమిషాలకే ఆగిపోతుందని రాసిచ్చిన వాళ్ళెవరూ లేరని మాత్రం తెలుసు.

లూన్ బే వాళ్ళు నలభై మంది దాకా వచ్చారు. ఎనిమిది గంటలు బస్సులో కూర్చుని వచ్చారు. ఓ మూల మూడు వరసల్లో సర్దుకుని, అలవాటు ప్రకారం తెచ్చుకున్న పాల బకెట్ల మీద గరిటెలతో దడదడలాడిస్తున్నారు. ఆ చప్పుడు వినగానే కెల్సీ మెట్లు రెండేసి ఎక్కేసింది. నేను రొప్పుతూ వెనకాల.

మార్లిస్ పక్కన రెండు కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. పదకొండేళ్ళు మా పక్కింటి మనిషి. కెల్సీకి అమ్మవారు పోస్తే నాకంటే ఎక్కువ రాత్రులు మేలుకుంది. మమ్మల్ని చూసి, ఒళ్ళో ఉన్న కోటు తీసి ఆ కుర్చీల మీద పరిచింది.

"ఎవరో వస్తారు ఇక్కడికి" అంది.

"ఎవరు ఆంటీ? అందరూ వచ్చేశారుగా" అంది కెల్సీ నవ్వుతూ.

"వస్తారులే. విన్నిపెగ్ దొరసానులకి కింద మంచి సీట్లుంటాయి. మీ నాన్న ఇప్పించడా?"

చుట్టూ ఉన్నవాళ్ళు పొద్దుతిరుగుడు గింజలు నములుతూ పొట్టు కప్పుల్లో ఉమ్ముకుంటున్నారు. ఒక్కరూ తలెత్తలేదు. మేము నాలుగు వరసల కింద కూర్చున్నాం. ఆట అయ్యేదాకా ఆ రెండు కుర్చీల్లోకి ఎవరూ రాలేదు.

"మార్లిస్ ఆంటీకి బస్సు పడలేదేమో. కడుపులో తిప్పితే ఆవిడంతే" అంది కెల్సీ. నేను ఊఁ అన్నాను.

మొదటి విరామంలో గార్త్ ఐసు చదును చేసే బండి తోలుకుంటూ బయటికి వచ్చాడు. లూన్ బేలో అయితే ఆ బండి మా మూలకి వచ్చినప్పుడల్లా టోపీ ఎత్తి కూతురికి సలాం చేసేవాడు. ఈ పిల్ల నడక రాని రోజుల నుంచీ ఆ సలాం కోసం చూసేది. ఇవాళ నెత్తిన హాల్డేన్ గారి నీలం టోపీ. కెల్సీ లేచి రెండు చేతులూ ఊపింది. అతను రోడ్డు తప్ప ఏమీ చూడని లారీ డ్రైవరులా ముందుకే చూస్తూ పోయాడు.

పై వరసల్లోంచి ఎవరో కేకేశారు. "ఏం గార్త్! ఐసు మా దగ్గర కరిగిపోయింది గానీ, ఇక్కడ బాగా గట్టిపడిందా?"

నవ్వులు. బకెట్టు మీద ఒక్క దెబ్బ. కెల్సీ నవ్వలేదు. "అలా అంటారేంటమ్మా? పని దొరికింది చేస్తున్నాడు. ఉత్తరాన నాన్నంత బాగా ఐసు వేసేవాడు ఇంకెవడున్నాడు, హాల్డేన్ పిలవకుండా ఉంటాడా?"

"జనం అన్నాక ఏదో అంటారు. కూర్చో. వాళ్ళు కొట్టే ఆ నల్ల బిళ్ళ ఇటు ఎగిరొస్తే తల పగులుతుంది" అన్నాను. విరామం అయి ఆట మళ్ళీ మొదలవనే లేదు.

మూడో భాగంలో ఇంకో ఆరు నిమిషాలు ఉందనగా, అప్పటికే రెండు గోల్స్ కొట్టిన మా డారియస్ మస్వాగన్ గోల్ కీపరు కాళ్ళ సందులోంచి మూడోది జార్చాడు. ఒకే ఆటలో ఒకే కుర్రాడు మూడు కొడితే తల మీద టోపీ తల మీద ఉంచుకోకూడదు, ఐసు మీదకి విసిరెయ్యాలి. పరాయి ఊళ్ళో మనవాడు కొడితే మరీను. నలభై మంది టోపీలూ ఒక్కసారి లేచాయి. విన్నిపెగ్ వాళ్ళు ఈలలు వేశారు.

కెల్సీ టోపీ తీసింది. నేను చెయ్యి పట్టుకున్నాను.

"అది మీ నాన్నదే. ఇరవై రెండేళ్ళది."

"అందుకేనమ్మా. వచ్చే ఏడాది ఈ జట్టు మనది కాదు. ఇక విసరడానికి ఏముంటుంది?"

విసిరింది. ఆకుపచ్చ టోపీ అద్దం గోడ దాటి, గిరగిరా తిరిగి, ఐసు మీది నీలి గీత దగ్గర పడింది. నేను కళ్ళు మూసుకున్నాను.

తెరిచేసరికి టోపీలు ఏరడానికి పారలు, నీలం డబ్బా పట్టుకుని పనివాళ్ళు ముగ్గురు వచ్చారు. వాళ్ళలో గార్త్ ఉన్నాడు. పారతో టోపీలు గుంపుగా తోసుకుంటూ వస్తున్నాడు. నీలి గీత దగ్గరికొచ్చి ఆగాడు. ఆ ఒక్కదాన్ని వంగి చేత్తో తీశాడు. తలకిందులు చేసి లోపల చూశాడు. అంత దూరం నుంచి నాకు దారం కనపడదు, కానీ ఏం చూశాడో నాకు తెలుసు. అందరి టోపీల మీదా దాన్ని పెట్టి డబ్బా మోసుకుపోయాడు.

ట్రాపర్స్ నాలుగు, విన్నిపెగ్ రెండు. ఆట అయిపోయింది. కెల్సీ నన్ను చెయ్యి పట్టి కిందికి ఈడ్చుకుపోయింది, ఆటగాళ్ళ గది ముందున్న నడవాలోకి. చెమట వాసన, తడి రబ్బరు వాసన. గది గుమ్మంలో వెండెల్ నిలబడి ఉన్నాడు. ట్రాపర్స్ సామాను చూసేదీ, స్కేట్లకి పదును పెట్టేదీ ఆయనే. ముప్పై ఏళ్ళు గార్త్ ఐసు వేస్తే, దాని మీద తిరిగే ఇనుముకి ఈయన పదును పెట్టాడు. కెల్సీ ఆయన బొటనవేలు పట్టుకునే స్కేటింగ్ నేర్చుకుంది.

"వెండెల్ అంకుల్! చూశారా మూడోది?"

"చూడకపోవడమేం బంగారం! డారియస్ కి ఇవాళ నేను పెట్టిన పదును అలాంటిది. వాడి గొప్పేం లేదు" అన్నాడు. అంటూనే నా వైపు చూసి, చూడనట్టు తల తిప్పుకున్నాడు.

నడవా చివర్నుంచి గార్త్ నీలం డబ్బా భుజాన పెట్టుకుని వచ్చి, గుమ్మం ముందు దించాడు. ఇద్దరూ పలకరించుకోలేదు. వెండెల్ వంగి ఒక్కో టోపీ తీసి గదిలోకి విసరడం మొదలుపెట్టాడు.

"ఇది మార్లిస్ ది. ఇది టెడ్ ది, చూడక్కర్లేదు, వాసనే చెప్తుంది. ఇదెవడిదిరా, పిల్లి పడుకున్నట్టుంది..."

లోపల కుర్రాళ్ళు పగలబడి నవ్వుతున్నారు. గోలు కొట్టినవాడు ఒకటి ఉంచుకుంటాడు. మిగతావి బస్సు వెనక సీటులో లూన్ బే వెళ్ళి, రింకు గుమ్మంలో ఉన్న గంపలో పడతాయి. చలికి ఎవరికి కావాలంటే వాళ్ళు పెట్టుకోవచ్చు. మా నాన్న విసిరిన టోపీ ఒకటి అలాగే ముగ్గురు పిల్లల తలల మీద పెరగడం నేను చూశాను. విసిరిన టోపీ తిరిగి ఇమ్మని ఎవరూ అడగరు. తిరిగి ఎవరూ ఇవ్వరు.

ఆకుపచ్చ టోపీ దగ్గర వెండెల్ చెయ్యి ఆగింది. లోపలి అంచు తిప్పి చూశాడు. గదిలో నవ్వులు సన్నగిల్లాయి. ఆయన లేచి, ఆ టోపీని గార్త్ చేతిలో పెట్టాడు.

"ఇది మాది కాదు గార్త్."

"పిల్ల విసిరింది వెండెల్."

"పిల్లే విసిరింది. టోపీ నీది."

కెల్సీ మధ్యలోకి వచ్చింది. "అదేంటి అంకుల్, నేను డారియస్ కోసం విసిరాను. తిరిగివ్వకూడదు కదా. ఎవరూ ఇవ్వరు కదా?"

"నీ టోపీ ఏదైనా ఉంటే పంపు బంగారం, గంపలో కాదు, నా నెత్తిన పెట్టుకుంటాను. ఇది మాత్రం మా బస్సు ఎక్కదు."

"ఎందుకని?"

వెండెల్ గొంతు తగ్గించాడు. "కిందటి క్రిస్మస్ కి మీ ఐదుగురిలో ఎర్ల్ తాగి అంతా కక్కేశాడు గార్త్. మేడ మీద ఎవరి చెయ్యి లేచిందో, ఎవరిది లేవలేదో. పిల్లకి తెలియదని నాకు తెలియదు. తెలిసుంటే దాని ముందు ఈ పని చేసేవాణ్ణి కాదు."

నిజంగానే బాధపడ్డాడు. కానీ టోపీ వెనక్కి తీసుకోలేదు. ఖాళీ డబ్బాని కాలితో మా వైపు జరిపి తలుపు వేసుకున్నాడు.

కెల్సీ తండ్రి వైపు చూసింది. గార్త్ ఆ డబ్బా తీసుకుని, "బండి వేడెక్కించి వస్తాను, తలుపు దగ్గర ఉండండి" అన్నాడు.

మా పికప్ ట్రక్కుకి ముందు ఒకటే పొడుగు సీటు. గార్త్ స్టీరింగ్ దగ్గర, కెల్సీ కిటికీ దగ్గర, మధ్యలో నేను. టోపీ నా ఒళ్ళో. ఎవరు పెట్టారో, నేనే తీసుకున్నానో గుర్తు లేదు. అద్దాల మీద లోపలి వైపు కూడా మంచు పట్టింది. ఎవరి ఊపిరి వాళ్ళకి పొగలా కనిపిస్తోంది.

ఇంతవరకూ నేను చెప్పని సంగతి ఒకటుంది. ఇక్కడ చెప్పక తప్పదు.

రెండేళ్ళ కిందట లూన్ బే రింకులో ఐసు యంత్రం గొట్టం చీలి అమ్మోనియా బయటికొచ్చింది. గార్త్ ని కళ్ళు వాచిపోయి, ఊపిరి అందక, దుప్పట్లో చుట్టి తీసుకెళ్ళారు. రెండు రోజులు ఆసుపత్రి. బతికాడు. గొట్టానికి అతుకు వేశారు. ఆ రోజు నుంచీ అతను పనికి వెళ్ళిన ప్రతి పొద్దూ నేను వంటింటి కిటికీ తెరిచి గాలి వాసన చూసేదాన్ని. అక్టోబరులో ఆ మీటింగుకి వెళ్తూ గుమ్మంలో బూట్లు తొడుక్కుంటున్నప్పుడు, నేను అతని కోటు బొత్తాలు పెడుతూ అన్నాను. "చెయ్యెత్తు గార్త్. జట్టు పోతే రింకు మూస్తారు, రింకు మూస్తే నువ్వు ఆ గొట్టం పక్క నిలబడక్కర్లేదు. నీ చెయ్యి ఒక్కటి. నా కోసం."

అతను టోపీ సర్దుకుని వెళ్ళాడు. తిరిగొచ్చి, నిద్రపోతున్న కూతురి తల దగ్గర ఈ ఆకుపచ్చ టోపీ పెట్టాడు. ఇక తన తల మీద పెట్టుకోలేదు.

హాల్డేన్ ఉద్యోగం ఇస్తానని కబురు చేసింది ఆ తర్వాత నెలకి. కానీ ఉద్యోగం కోసమే చెయ్యెత్తాడని ఊరు లెక్క వేసుకోవడానికి అది చాలు.

ట్రక్కు పట్టాల దగ్గరికి వచ్చేసరికి ఎర్ర దీపాలు వెలిగాయి. గంట మోగింది. చారల కర్ర మా ముందు దిగింది. ధాన్యం పెట్టెల గూడ్సు. విన్నిపెగ్ లో గూడ్సు అడ్డం వస్తే ఇంజను ఆపేసి కాఫీ తాగే టైముంటుంది.

"నాన్నా" అంది కెల్సీ.

"ముందు ఇంటికెళ్దాం" అన్నాను నేను. "బంగాళదుంప కూరి పెరోగీలు చేసి పెట్టాను, ఉల్లిపాయలు వేయించుకుంటే సరి. నీకు కాళ్ళు తడిసే ఉంటాయి, చూపించు, చలి పట్టిందంటే..."

"అమ్మా, నిన్నడగలేదు."

సంచీ కాళ్ళ దగ్గరికి లాక్కున్నాను.

"నాన్నా, ఎర్ల్ అంకుల్ తాగి ఏదో వాగాడు. ఆయన మాట నాకక్కర్లేదు. ఊరి మాటా అక్కర్లేదు. నువ్వు కాదని చెప్పు. చాలు. రేపు బస్సెక్కి లూన్ బే వెళ్ళి, వెండెల్ అంకుల్ తలుపు కొట్టి, ఆ టోపీ ఆయన నెత్తిన నేను పెడతాను."

పెట్టెలు పోతూనే ఉన్నాయి. ఆకుపచ్చవి, తుప్పు రంగువి, మళ్ళీ ఆకుపచ్చవి. సీటు అదురుతోంది. గార్త్ రెండు చేతులూ స్టీరింగ్ మీదే ఉన్నాయి. కుడి చెయ్యి నాకు బాగా కనిపిస్తోంది. దాని మీద అమ్మోనియా కాల్చిన మచ్చ ఇంకా తెల్లగానే ఉంది.

"నాన్నా. నువ్వు చెయ్యెత్తావా?"

అతను రైలు పెట్టెల వైపే చూస్తున్నాడు.

చెప్పకు అనుకున్నాను. మళ్ళీ, చెప్పెయ్యి అనుకున్నాను. నేనే చెప్పాలనుకున్నాను. 'నేనే ఎత్తమన్నానే తల్లీ, అనాల్సింది నన్నను' అని నోటిదాకా వచ్చింది. వచ్చి, అక్కడే ఆగిపోయింది. ముప్పై ఏళ్ళుగా జరగని వాటికోసం లోకమంతా వినేలా భయపడ్డదాన్ని, జరుగుతున్నదాని ముందు నాకు గొంతు లేదు. టోపీ లోపలి ఎర్ర దారాన్ని వేలితో తడుముతూ కూర్చున్నాను. ఒక పోగు ఊడి ఉంది.

కెల్సీ ఇంకోసారి అడగలేదు. కిటికీ అద్దం మీద మంచు గోకడం మొదలుపెట్టింది. గోకిన చోటల్లా మళ్ళీ మంచు పడుతోంది. తండ్రి తనతో కాదని అనడానికి ఇంతసేపు పట్టదని దానికీ తెలుసు. రైలు పొడుగు ఉన్నంతసేపూ దాని ముఖం మారుతూ వచ్చింది. నేను పక్కనే ఉన్నాను. ఏం చెయ్యగలను? సంచీలోంచి దుప్పటి తీసి కాళ్ళ మీద కప్పబోయాను. తోసేసింది.

చివరి పెట్టె దాటింది. గంట ఆగింది. చారల కర్ర మెల్లగా పైకి లేచింది. వెనక కారువాడు హారన్ కొట్టాడు, కొడుతూనే ఉన్నాడు. గార్త్ బండి కదపలేదు. స్టీరింగ్ మీంచి ఆ మచ్చ చెయ్యి తీసి నా ఒళ్ళో ఉన్న టోపీ మీద, నా వేళ్ళ మీద, బరువుగా పెట్టాడు. నన్ను మాట్లాడనివ్వకుండా పట్టుకున్న చెయ్యి అది.

"ఎత్తాను కెల్సీ" అన్నాడు. "ఎవరూ ఎత్తమనలేదు, నాకై నేనే ఎత్తాను. మీ అమ్మకి ఇవాళ్టిదాకా ఏమీ తెలియదు."